పెరటి కబుర్లు: కర్తరి ఎండల్లో ఆదివారం తోటపని

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ ఎండ గురించే. రాసేవాళ్ళూ పాపం ఏం చేస్తారు, మా బెజవాడలో నేనూ పొద్దున ఏడున్నర దాటితే మేడ మీద చెప్పుల్లేకుండా నిలబడలేకపోతున్నా. అయినా సరే సెలవు రోజు వచ్చిందంటే కాళ్ళు మెట్ల వైపే లాగుతాయి. మీదీ అదే జబ్బని ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది కాబట్టి ఇక మొదలెడదాం.

అక్కా, వారమంతా ల్యాప్‌టాప్ ముందే ఉంటా, శనివారం కూడా ఏదో ఒక కాల్ తగులుతుంది, ఆదివారం ఒక్కటే నాది. ఐదున్నరకి మేడెక్కితే తొమ్మిదింటికి దిగుతా. "ఆ బెండమొక్కలకున్న యోగం నాకు లేదు" అంటుంది మా ఆవిడ. పోయిన ఆదివారం ఉత్సాహం పట్టలేక నాలుగు కుండీలు మార్చా, అన్నిటికీ ఎరువేశా, మందారాన్ని మోకాలి ఎత్తుకి కత్తిరించా. ఇప్పుడు సగం మొక్కలు మొహం వేలాడేశాయి. సొరపాదైతే మధ్యాహ్నం ఎన్ని నీళ్ళు పోసినా లేవట్లేదు. అసలు ఎండాకాలం సెలవు రోజు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?
(మియాపూర్ నుంచి ఒక తమ్ముడు)

తమ్ముడూ, మీ ఆవిడ సంగతి చివర్లో చెప్తా, ముందు మొక్కలు. నువ్వు చేసిందే నేనూ చేశా, అదీ వరసగా రెండేళ్ళు. వారమంతా కుర్చీలో కూర్చున్న మనిషికి ఆదివారం చేతులు దురద పెడతాయి, ఏదో ఒకటి తవ్వాలి, కొయ్యాలి, మార్చాలి, లేకపోతే పని చేసినట్టు ఉండదు. మే నెలలో మొక్క మాత్రం మధ్యాహ్నం నీడలో పడుకున్న గేదె లాంటిది, అది ఊపిరి కాపాడుకునే పనిలో ఉంది, మనం వెళ్ళి తోక లాగుతున్నాం.

మా అమ్మమ్మ కర్తరిలో బొరిగె ముట్టుకోనిచ్చేది కాదు. మే 4 ప్రాంతంలో చిన్న కర్తరి, 11 ప్రాంతంలో పెద్ద కర్తరి, దాదాపు 28 దాకా అంతే, మట్టి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు, మొక్క నాటకూడదు అని. చిన్నప్పుడు ఇదంతా చాదస్తం అనుకున్నా. కుండీ మార్చినప్పుడు సన్న వేళ్ళు తెగుతాయి, నీళ్ళు లాగేది ఆ సన్న వేళ్ళే, పైన ఎండేమో 43 డిగ్రీలు, ఇంక మొక్క దేంతో తాగుతుంది చెప్పు. ఆవిడ కారణం వేరే చెప్పేది గానీ మాట మాత్రం కరెక్టే. ఎరువూ అంతే, ఎండలో ఘాటుగా వేస్తే వేళ్ళు మాడతాయి. ఈ నెలలో ఏమన్నా ఇవ్వాలనిపిస్తే పల్చగా నీళ్ళలో కలిపి ఇవ్వు. డ్రమ్ములో 20 లీటర్ల నీళ్ళు పోసి కేజీ ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి వేసి నీడలో 2 రోజులుంచి రోజుకి రెండుసార్లు కలిపితే జీవామృతం రెడీ, అందులో లీటరుకి 10 లీటర్ల నీళ్ళు కలిపి సాయంత్రం పొయ్యి, అదే ఎక్కువ. మందారం సంగతి ఐపోయింది కాబట్టి ఆ మోడు కొమ్మల మీద ఎండ నేరుగా పడకుండా పాత చీర కట్టెయ్, వానల్లో చిగురిస్తుందిలే.

సొరపాదు విషయంలో కంగారు పడకు. అంత వెడల్పాటి ఆకు మధ్యాహ్నం ఎంత నీటిని ఆవిరి చేస్తుందో వేళ్ళు అంత వేగంగా అందివ్వలేవు, అందుకే ఆకు వాలిపోతుంది, అలా వాలితే ఎండ తగిలే భాగం కూడా తగ్గుతుంది. సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడు, ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. పొద్దున్నే కూడా వాడిపోయి కనిపిస్తే అప్పుడు వేలు మట్టిలోకి రెండు కణుపుల దాకా దింపి చూడు, పొడిగా ఉంటే నీళ్ళు చాలట్లేదు, బురదగా ఉంటే వేరు కుళ్ళుతోంది. నువ్వేమో మధ్యాహ్నం వాడిందని పోసి, సాయంత్రం అలవాటుగా పోసి, రెండోదే తెచ్చుకునేలా ఉన్నావు. ఇంకోటి, మేడ మీద పైపు పడేసి ఉంటుంది చూడు, దాంట్లో మిగిలిన నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. ముందు ఆ నీళ్ళు వదిలేసి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాకే మొక్కకి పెట్టు. నేనైతే రాత్రి పడుకునే ముందే డ్రమ్ములో నింపి పెట్టుకుంటా, పొద్దుటికి చల్లగా ఉంటాయి.

ఇంతకీ ఏం చెయ్యాలి అంటావా, నా ఆదివారం చెప్తా విను. ఐదున్నరకి కాఫీ గ్లాసుతో పైకెళ్తా, ఒక చుట్టు ఊరికే తిరుగుతా, చేతిలో గ్లాసుంటే ఏమీ పీకాలనిపించదు, అదో ఉపాయం. తర్వాత నీళ్ళు, పైపుతో కాదు, మగ్గుతో, ఒక్కో కుండీకి రెండు విడతల్లో, మొదటిది మట్టి మెత్తబడ్డానికి, రెండోది కిందకి దిగడానికి. ఎండి బిగుసుకుపోయిన మట్టిలో ఒకేసారి కుమ్మరిస్తే కుండీ గోడ వెంట జారి కింద చిల్లులోంచి బయటికొచ్చేస్తాయి, మనం మాత్రం తడిసిందనుకుంటాం. ఆ తర్వాత ఎండుటాకులు సర్దడం. కుండీలో మట్టి కనబడకూడదు, ఎండుగడ్డి గానీ కొబ్బరిపీచు గానీ ఏదో ఒకటి రెండంగుళాలు కప్పి ఉండాలి. మొన్న వంగ కుండీలో ఆ ఆకులు కొంచెం పక్కకి జరిపితే కింద మట్టి నల్లగా చెమ్మగా ఉంది, చెయ్యి పెడితే ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుగిన్నె పక్కన పెట్టినట్టుంది, ఒక వానపాము తోక కనపడి సర్రున లోపలికి పోయింది. బయట గచ్చు కాలుతున్న రోజుల్లో, నాలుగంగుళాల కింద ఆ జీవి హాయిగా ఉంది. ఆకులు మళ్ళీ కప్పేసి, ఏదో తలుపు తట్టకుండా తీసినట్టు సిగ్గుపడి వచ్చేశా.

ఇంకో పని ఈ నెలలో చెయ్యదగ్గది మల్లెకి చిన్న కటింగ్. ఒక విడత పూత ఐపోగానే పూసిన కొసల్ని ఒక రెండు మూడు కణుపుల మేర తుంచేస్తే పక్కన కొత్త చిగుళ్ళొచ్చి వాటి చివర మళ్ళీ మొగ్గ కడతాయి. ఎండలో కత్తెర పట్టొద్దన్న నేనే మల్లెకి పట్టమంటున్నా, ఎందుకంటే దానికి ఎండే సీజను. గట్టిగా కత్తిరించడం మాత్రం చలికాలంలోనే.

ఎనిమిదికల్లా దిగిపోవాలి. మళ్ళీ సాయంత్రం ఐదున్నరకి. బీరపువ్వు విచ్చుకునేది ఆ టైముకే, పొద్దున పూసే నేతిబీరతో దీన్ని కలపొద్దు. పసుపు పువ్వులు ఒక్కోటి విప్పుకుంటుంటే మగపువ్వు కోసి రేకులు వెనక్కి వంచి, పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి. మేడ మీద తేనెటీగలు తక్కువైతే ఈ పెళ్ళిళ్ళ పేరయ్య పని మనదే. నిన్న ఆరు పువ్వులకి చేశా, వాటిలో నాలుగు నిలబడ్డా చాలు.

ఇక మీ ఆవిడ. మల్లెమొగ్గలు కోసే పని ఇద్దరూ కలిసి చెయ్యండి, పువ్వులు ఎలాగూ ఆవిడవే. పనిచేస్తుందని గ్యారంటీ ఇవ్వను, మా వారు పదకొండేళ్ళయినా పైకి రారు, కిందనుంచే "టీ అయింది" అని అరుస్తారు.

మేడమ్, టమాటా మొక్కలు ఏపుగా ఉన్నాయి, పూత బోలెడు, ఒక్క కాయ నిలబడదు, పువ్వంతా రాలి కిందే. బోరాన్ కొట్టమన్నారు, ఏదో టానిక్ అమ్మారు, రెండూ ఐపోయాయి. ఇంకేం కొట్టాలి?
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

ఏమీ కొట్టకండమ్మా, డబ్బులు మిగుల్చుకోండి. పగలు 35 దాటి రాత్రి కూడా పాతిక డిగ్రీల కిందకి దిగకపోతే టమాటా పుప్పొడి పనిచెయ్యదు, పువ్వు రాలిపోతుంది. ఓరుగల్లు మే నెలలో రాత్రి పాతికకి దిగిందంటే పండగే కదా. ఎండాకాలం మనకి మదనపల్లె నుంచి టమాటా ఎందుకొస్తుంది అనుకుంటున్నారు, ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్ళు మనకంటే చల్లగా ఉంటుంది, అదీ సంగతి. మీ మొక్కకి సగం ఎండని ఆపే 50 శాతం గ్రీన్ నెట్ కట్టి, పొద్దున ఏడు లోపు పూగుత్తుల్ని వేలితో టక్ టక్ మని కొట్టండి, ఒకటో రెండో నిలబడితే మీ అదృష్టం. లేదంటే మొక్కని అలా బతికించుకోండి, చల్లబడ్డాక కాస్తుంది. ఈలోపు ఖాళీ ఉన్నచోట తోటకూర, గోరుచిక్కుడు వెయ్యండి. బచ్చలి తీగ కొన ఎవరింట్లోంచైనా తెచ్చి గుచ్చండి, అది ఎండని లెక్కే చెయ్యదు.

అమ్మా, నేను రిటైరైన టీచర్ని. ఏప్రిల్ నెలాఖర్లో కడియం వెళ్ళి కార్లో పట్టినన్ని మొక్కలు తెచ్చాను. అక్కడ నిగనిగలాడుతూ ఉన్నాయి, మా మేడ మీద వారానికే ఆకులు మాడి కాగితాలయ్యాయి. మొక్కల్లో లోపమా, నాలో లోపమా?
(రాజమహేంద్రవరం నుంచి ఒక మాస్టారు)

మాస్టారూ, ఇద్దరిలోనూ కాదండీ, ప్రయాణంలో. కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో మొక్కలు నెట్ కింద పెరుగుతాయి, పక్కన గోదావరి కాలువలు, గాల్లో తేమ. నీడలో పెరిగిన ఆకు పల్చగా ఉంటుంది, దాన్ని తెచ్చి ఒక్కసారిగా మండే గచ్చు మీద పెడితే చంటిపిల్లని ఏసీ గదిలోంచి తెచ్చి రోడ్డు మీద కూర్చోబెట్టినట్టే. కొత్త మొక్కని ముందు మెట్ల కింద గానీ సన్‌షేడ్ కింద గానీ వారం పది రోజులుంచి, తర్వాత పొద్దుటి ఎండ గంట, రెండు గంటలు, అలా అలవాటు చెయ్యాలి. ఇప్పుడు మాడిన ఆకులు పీకకండి, ఎంత మాడినా అవే కింద కొమ్మకి గొడుగు. కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి, గచ్చు వేడి నేరుగా తగలకుండా ఉంటుంది, చుట్టూ గోనెసంచి చుట్టి తడపండి. గోటితో కొమ్మ మీద కొంచెం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. మీ క్లాసులో వెనకబెంచీ పిల్లల మీద చూపించిన ఓపిక దీని మీదా చూపించాలి.

ఒక మాట, కార్లో పట్టినన్ని అన్నారు చూడండి, అది చదివి నవ్వుకున్నా, నాకూ కడియంలో లెక్క ఆగదు. వెళ్తే జులైలో వెళ్ళండి.

పిట్టలకి నీళ్ళు పెడితే టమాటాలు పొడిచి తినేస్తున్నాయి. పెట్టాలా మానాలా?
(నెల్లూరు)

పెట్టండి. దాహానికే సగం పళ్ళు పొడుస్తాయి. లోతు తక్కువున్న మట్టి మూకుడు, మధ్యలో ఒక రాయి, రోజూ నీళ్ళు మార్చాలి, లేకపోతే దోమలు. మిగతా సగం పళ్ళు వాటివే అనుకోండి.

అక్కా, మందారం నిండా తెల్లగా పిండి, ముట్టుకుంటే జిగట. వేపనూనె కొడితే ఆకులన్నీ కాలిపోయాయి. వేపనూనె మంచిది కాదా?
(ఒంగోలు నుంచి ఒక చెల్లి)

అది పిండినల్లి. వేపనూనె మంచిదే, నువ్వు కొట్టిన టైమే మంచిది కాదు. ఆదివారం తీరిగ్గా టిఫిన్ తిని పదింటికి కొట్టుంటావు, అవునా? ఎండలో నూనె పూసుకుని నిలబడితే మనకీ కాలుతుంది. ముందు పాత టూత్‌బ్రష్‌తో ఆ పిండిని గీకెయ్, కొమ్మ సందుల్లో మరీ ముఖ్యంగా, తర్వాత పైపుకి వేలు అడ్డుపెట్టి గట్టిగా నీళ్ళు కొట్టు, సగం పీడ అక్కడే పోతుంది. మర్నాడు సూర్యుడు దిగాక లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఆకు కింద కూడా తగిలేలా కొట్టు, వారానికి ఒకసారి, మూడు వారాలు. చీమల దారి ఎటుందో చూసి అది కూడా ఆపాలి, ఆ తీపి జిగట కోసం పిండినల్లిని కాపలా కాసేది అవే. ఇంకోటి, ఎర్రగా గుండ్రంగా నల్ల చుక్కలతో అక్షింతల పురుగులు కనిపిస్తే వాటి జోలికి పోకు, అవి మన పార్టీ.

హాయ్ ఆంటీ, డాలస్ పక్కన ఉంటాం. జులై 4 లాంగ్ వీకెండ్ మొత్తం బ్యాక్‌యార్డ్‌లోనే గడపాలని ప్లాన్. అప్పటికి ఇక్కడా 38, 40 డిగ్రీలు ఉంటుంది. గోంగూర, దోస, పొట్ల ఉన్నాయి. గోంగూర మనిషెత్తు పెరిగింది కానీ ఆకు చిన్నదైపోతోంది. పైగా పోయినేడు గింజ పట్టకముందే చలి వచ్చేసింది.

నాన్నా, మనిషెత్తు పెరగనిచ్చావంటే కొయ్యడానికి మనసు రాలేదని అర్థం. పొడవాటి వీకెండ్ దొరికింది కాబట్టి కత్తెర తీసుకుని ఎండ పడకముందే కొసలన్నీ ఒక అడుగు కొట్టెయ్, పక్క కొమ్మలేసి లేత ఆకు పెద్దదిగా వస్తుంది. మే నెల బెజవాడలో వద్దన్న పని నీకెందుకు చెప్తున్నానంటే మీది నేలలో వేళ్ళూరిన మొక్క, గోంగూరేమో వేడిని ఇష్టపడే రకం, నీళ్ళుంటే చాలు. కోసిందంతా ఆ సాయంత్రమే పచ్చడి చేసి పక్కింటివాళ్ళకి కూడా ఓ డబ్బా ఇవ్వు.

గింజ సంగతి, గోంగూర పగలు కుదించుకుపోతేనే పూస్తుంది, అందుకే మీకు శరదృతువులో గానీ మొగ్గ కనపడదు, మీ దగ్గర నవంబర్ మధ్యకల్లా మంచు పడే ఛాన్సుంది, కాయ ఎండే టైము చాలదు. రెండు మొక్కల్ని పెద్ద కుండీల్లో పెంచుకో, చలి రాగానే గరాజ్‌లోకి తోసుకోవచ్చు. నీళ్ళ రూల్స్ చూసుకో, డాలస్ సిటీలోనైతే ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి మధ్య స్ప్రింక్లర్లు వెయ్యకూడదు, చేత్తో పోసుకోవచ్చు. మీ నల్లమట్టి ఎండితే బీటలిస్తుంది, మన కృష్ణా జిల్లా రేగడి లాగే, కాబట్టి గడ్డి కప్పడం అక్కడా తప్పదు.

సెలవులకి పది రోజులు మా అత్తగారి ఊరెళ్తున్నాం. పాతిక కుండీలు. ఆటోమేటిక్ డ్రిప్ కొనే స్తోమత లేదు.
(కర్నూలు)

డ్రిప్ లేకపోయినా గట్టెక్కొచ్చు. కుండీలన్నీ మేడ మీంచి దించి మధ్యాహ్నం ఎండ తగలని తూర్పు పక్క గోడ నీడలో ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టండి, ఒకదాని నీడ ఒకదానికి, మధ్యలో చెమ్మ నిలుస్తుంది. పువ్వులు, పిందెలు తుంచెయ్యండి, మనసుకి కష్టమే కానీ అవి ఉంటే మొక్క ఎక్కువ తాగుతుంది. పెద్ద తొట్టెలుంటే చిన్న మట్టికుండ మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి, మట్టి ఎంత లాగితే కుండ అంతే వదులుతుంది, పెయింట్ వేసిన కుండ పనికిరాదు. చిన్నవాటికి బకెట్ నిండా నీళ్ళు కాస్త ఎత్తులో పెట్టి పాత కాటన్ చీర పేలికలు మెలితిప్పి ఒక కొస నీళ్ళలో, ఒక కొస మట్టిలో గుచ్చండి. పాలిస్టర్ చీర తాగదు, చూసుకోండి. ఇవన్నీ ఊరెళ్ళే రోజు పొద్దున హడావిడిగా కాదు, రెండు రోజుల ముందే పెట్టి ఏ పేలిక పనిచేస్తుందో ఏది దొంగో కనిపెట్టాలి.

ఎన్ని చేసినా పది రోజులంటే మధ్యలో ఒకసారి ఎవరో ఒకరు చూడాలి. ఒకసారి నేను ఎవర్నీ అడగడం ఎందుకని వెళ్ళి, తిరిగొచ్చేసరికి పుదీనా చీపురు పుల్లలయి ఉంది. ఇప్పుడు ఎదురింటి పిన్నిగారికి తాళం ఇస్తా, కాసినవన్నీ మీరే కోసుకోండి అని చెప్తా. ఆవిడ రోజూ వస్తారు.

ఖాళీ కుండీలు పదిహేను దాకా ఉన్నాయి, పోయినేడు వంగ, టమాటా వేసిన మట్టి, వేళ్ళకి బుడిపెలు వచ్చి చచ్చిపోయాయి. ఆ మట్టి పారబోయాలా? సెలవుల్లో ఖాళీగానే ఉన్నా.
(ఖమ్మం నుంచి ఒక లెక్చరర్)

పారబొయ్యకండి సార్, ఎండాకాలం మీద ఇంతసేపు తిట్లు ఐపోయాయి కదా, ఇప్పుడు దాంతో పని చేయించుకుందాం. ఆ బుడిపెలు నులిపురుగుల పని. పొలంలో రైతులు వేసవి దుక్కి దున్ని మట్టిని ఎండకి తిరగేస్తారు చూడండి, అదే పని మీరు మేడ మీద చెయ్యండి. కర్తరిలో మట్టి ముట్టుకోవద్దన్నారు కదా అంటారేమో, మొక్క లేని మట్టికి ఆ రూలు లేదులెండి, మా అమ్మమ్మని నేను ఒప్పిస్తా.

కింద ఒక పాత ప్లాస్టిక్ షీటు పరిచి మట్టంతా గుమ్మరించి, పాత వేళ్ళు, బుడిపెలున్నవి ఏరి బయట పారేయండి, కంపోస్టులో వెయ్యొద్దు. గడ్డలు చిదిపి ఆరంగుళాల మందంలో పరవండి. తర్వాత నీళ్ళు చల్లి తడపాలి, ఇది చాలామంది మర్చిపోతారు, పొడి మట్టి కంటే తడి మట్టిలోకే వేడి బాగా దిగుతుంది. పైన పల్చటి తెల్ల కవరు, లోపలున్నది బయటికి కనపడేది, నల్లది కాదు. అంచుల మీద ఇటుకలు పేర్చి గాలి పోకుండా బిగించండి. లోపల 50 డిగ్రీలకి పోతుంది, అందులో పురుగూ బూజూ కలుపు గింజలూ చాలావరకు ఉడికిపోతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా వదిలెయ్యండి, మధ్యలో తీసి చూడొద్దు. తీసి చూడకుండా ఉండటమే నాకు కష్టమైన పని, కవరు లోపల నీటి బొట్లు పట్టి ముత్యాల్లా వేలాడుతుంటే వేలితో తట్టి వచ్చేస్తుంటా.

ఏప్రిల్ చివర మొదలెట్టుంటే మృగశిర కార్తెకి సరిపోయేది, ఇప్పుడు మొదలెడితే జూన్ మూడో వారం అవుతుంది. మబ్బు పట్టిన రోజులు లెక్కలోకి రావు. కవరు తీశాక వేపపిండి, వర్మీ కంపోస్టు కలిపి ఓ వారం ఆగి నింపుకోండి. వంగ, టమాటా మాత్రం ఈసారి అందులో వద్దు, ముందు బంతి వెయ్యండి, దసరాకి పువ్వులు కూడా వస్తాయి.